బోర్డు అంచున చిన్న మర: స్క్రూ టెర్మినల్‌ను ఎంచుకోవడం ఎలా?

తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో ఢిల్లీలో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఇప్పుడు ధౌలా కువాన్‌లో ఉంది. దేశ రాజధానిలో చదవాలనుకునే తెలుగు విద్యార్థులకు ఈ పేరు కొత్త కాదు. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ ఆనర్స్ డిగ్రీ చదవవచ్చు. సమీపంలోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్‌లో ఎలక్ట్రానిక్ సైన్స్ విభాగం ఉంది. ఇలాంటి చోట చదివే వారికి ప్రాజెక్టు సామాన్లు కావాలంటే ధౌలా కువాన్‌లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఎక్కి, న్యూఢిల్లీ స్టేషన్‌లో పసుపు లైనుకు మారి, చాందినీ చౌక్‌లో దిగితే చాలు. ఎర్రకోట ఎదుట ఉన్న లజపత్ రాయ్ మార్కెట్‌లో రెసిస్టర్ నుంచి మోటారు దాకా అన్నీ దొరుకుతాయి. హైదరాబాదు విద్యార్థికి కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలాంటిదో, ఢిల్లీ విద్యార్థికి ఈ మార్కెట్ అలాంటిది.

ఐసీని, సెన్సర్‌ను, మైక్రోకంట్రోలర్‌ను నంబరు చూసి జాగ్రత్తగా కొనే విద్యార్థి కూడా ఒక వస్తువు దగ్గర మాత్రం రంగు చూసి సరిపెట్టుకుంటాడు. బోర్డు అంచున నీలం లేదా ఆకుపచ్చ రంగులో ఉండి, వైరును మరతో బిగించే చిన్న పెట్టె అది. దాని పేరు స్క్రూ టెర్మినల్. మన దుకాణాల్లో దీన్ని ‘పీబీటీ కనెక్టర్’ అని కూడా అంటారు. కొద్ది రూపాయల వస్తువే అయినా బోర్డులోకి వచ్చే కరెంటు, బోర్డు నుంచి బయటికి పోయే కరెంటు దీని గుండానే వెళ్లాలి. ప్రాజెక్టు ఒక రోజు పనిచేసి మరుసటి రోజు ఆగిపోయినా, కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి వాసన వచ్చినా కారణం తరచుగా ఇక్కడే ఉంటుంది. అందుకే దీన్ని ఎంచుకునే పద్ధతి తెలిసి ఉండాలి.

రెండు లోహాలు తాకే చోట ఏం జరుగుతుంది?

కంటికి నున్నగా కనిపించే రాగి ఉపరితలం సూక్ష్మదర్శినిలో కొండలు, లోయలుగా కనిపిస్తుంది. రెండు లోహపు ముక్కలను దగ్గరగా పెడితే అవి నిజంగా తాకేది కొన్ని శిఖరాల దగ్గర మాత్రమే. కరెంటు అంతా ఆ కొద్ది బిందువుల గుండా ఇరుక్కుని దాటాలి. ఎలక్ట్రికల్ కాంటాక్టులపై 20వ శతాబ్దంలో పునాది వేసిన శాస్త్రవేత్త రాగ్నర్ హోమ్ ఈ విషయాన్ని లోతుగా అధ్యయనం చేశారు. ఒత్తిడి పెంచితే శిఖరాలు నలిగి, తాకే వైశాల్యం పెరుగుతుంది. అక్కడి నిరోధం తగ్గుతుంది. స్క్రూ టెర్మినల్‌లో మర చేసే పని ఈ ఒత్తిడిని కలిగించడమే.

ఒత్తిడి తగ్గితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడిగా మారే శక్తి వస్తుంది. బాగా బిగించిన కలయికలో 5 మిల్లీఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. 5 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 0.125 వాట్. మర వదులై నిరోధం 100 మిల్లీఓమ్‌లకు పెరిగితే అదే కరెంటుకు 2.5 వాట్లు. వేలి గోరంత పెట్టెలో 2.5 వాట్లు చాలా ఎక్కువ. ఆ వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లారినప్పుడు సంకోచిస్తుంది, మర ఇంకొంత వదులవుతుంది. ఉపరితలంపై ఆక్సైడ్ పొర పెరుగుతుంది. నిరోధం మరింత పెరిగి, వేడి మరింత పెరుగుతుంది. ఈ విషవలయం ఒకసారి మొదలైతే దానంతటది ఆగదు.

కాబట్టి టెర్మినల్‌ను ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన అసలు ప్రశ్న, ‘ఈ వైరును ఈ పెట్టె ఏళ్ల తరబడి ఒకే ఒత్తిడితో పట్టుకోగలదా?’ అన్నదే. మిగతా లెక్కలన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

పిన్నుల మధ్య దూరం

పక్కపక్క పిన్నుల మధ్య దూరాన్ని పిచ్ అంటారు. మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి 2.54, 3.5, 3.81, 5.0, 5.08, 7.5, 7.62 మిల్లీమీటర్ల పిచ్‌లు. వీటిలో 2.54, 3.81, 5.08, 7.62 అంగుళం లెక్కలో వచ్చినవి. 2.54 మి.మీ. అంటే అంగుళంలో పదో వంతు. 3.5, 5.0, 7.5 మాత్రం మిల్లీమీటర్ల లెక్కలో పుట్టినవి.

అభిరుచి కోసం బోర్డులు చేసేవారు ఎక్కువగా వాడే జీరో పీసీబీలో రంధ్రాల మధ్య దూరం 2.54 మి.మీ. అందువల్ల 5.08 మి.మీ. టెర్మినల్ సరిగ్గా రెండు రంధ్రాల దూరంలో కూర్చుంటుంది. 7.62 అయితే మూడు రంధ్రాల దూరం. 3.81 అంటే ఒకటిన్నర రంధ్రం కాబట్టి జీరో పీసీబీలో కూర్చోదు. 3.5 కూడా అంతే. ఈ రెండు కొలతలూ సొంతంగా గీసుకున్న పీసీబీకే పనికొస్తాయి.

5.0, 5.08 మధ్య తేడా 0.08 మి.మీ. మాత్రమే. రెండు పిన్నుల టెర్మినల్‌కు ఇది లెక్కలోకి రాదు. అదే 12 పిన్నుల వరుసకు వస్తే తేడా 11 సార్లు చేరుతుంది. మొదటి పిన్ను నుంచి చివరి పిన్ను దాకా 0.88 మి.మీ. పక్కకు జరుగుతుంది. అప్పుడు చివరి పిన్ను రంధ్రంలోకి దిగదు. బలవంతంగా నొక్కితే రాగి చుట్టు లేచిపోతుంది. దుకాణంలో రెండింటినీ ‘5 ఎంఎం’ అనే అమ్ముతారు. పెద్ద వరుస కొనేటప్పుడు స్కేలుతో మొదటి, చివరి పిన్నుల మధ్య దూరం కొలిచి, దాన్ని పిన్నుల సంఖ్యలో ఒకటి తీసివేసి వచ్చిన అంకెతో భాగించాలి. పీసీబీ గీసేటప్పుడూ కొన్న వస్తువు కొలతనే సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వాలి.

పిన్ను మందాన్ని కూడా గమనించాలి. 5.08 పిచ్ టెర్మినల్ పిన్ను దాదాపు 1 మి.మీ. మందం ఉంటుంది. దానికి 1.3 మి.మీ. రంధ్రం సౌకర్యంగా ఉంటుంది. జీరో పీసీబీలో రంధ్రం సాధారణంగా 1 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి చిన్న చేతి డ్రిల్లుతో పెద్దది చేసుకోవాల్సి రావచ్చు.

ఎన్ని ఆంపియర్లు?

సాధారణ 5.08 మి.మీ. టెర్మినల్‌పై 10 ఆంపియర్లు, 300 వోల్టులు అన్న రేటింగ్ తరచుగా కనిపిస్తుంది. ఒకే వస్తువుకు రెండు వేర్వేరు అంకెలు ఉండటమూ మామూలే. అమెరికా పరీక్షా పద్ధతి యూఎల్ 1059, అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60947-7-4 వేర్వేరు షరతులతో పరీక్షిస్తాయి. ఐఈసీ అంకె సాధారణంగా పెద్దగా ఉంటుంది. రెండూ ఇచ్చినప్పుడు చిన్న అంకెనే నమ్ముకోవడం మేలు.

రేటింగ్ అంటే ఆ కరెంటు దాకా వేడి ఒక హద్దులో ఉంటుందని అర్థం. ఆ వేడి చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతకు అదనంగా చేరుతుంది. మే నెలలో ఢిల్లీలోనైనా, రామగుండంలోనైనా గాలి 45 డిగ్రీలకు చేరుతుంది. మూసిన ప్లాస్టిక్ డబ్బాలో అంతకన్నా ఎక్కువే. పైగా సరైన వైరు, సరైన బిగింపు ఉన్నప్పుడే ఆ అంకె చెల్లుతుంది. అందుకే అభిరుచి బోర్డుల్లో రేటింగ్‌లో సగానికి మించి వాడకపోవడం మంచి అలవాటు.

టెర్మినల్ 10 ఆంపియర్లదైనంత మాత్రాన బోర్డు కూడా 10 ఆంపియర్లది కాదు. మామూలు పీసీబీపై రాగి పొర మందం 35 మైక్రోమీటర్లు. పీసీబీ రూపకల్పనలో ఎక్కువగా వాడే ఐపీసీ-2221 సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మాత్రమే పెరగాలంటే ఆ పొరపై 1 మి.మీ. వెడల్పున్న గీత సుమారు 2.4 ఆంపియర్లే మోయగలదు. 5 ఆంపియర్లకు దాదాపు 2.8 మి.మీ., 10 ఆంపియర్లకు 7 మి.మీ. పైచిలుకు వెడల్పు కావాలి. కరెంటు రెట్టింపయితే వెడల్పు రెట్టింపు కన్నా ఎక్కువే పెరగాలని ఈ అంకెలు చెబుతున్నాయి. సన్నని గీత చివర పెద్ద టెర్మినల్ పెట్టడం ఇరుకు సందుకు సింహద్వారం కట్టడంలాంటిదే.

వైరును బట్టి టెర్మినల్

మన దుకాణాల్లో వైరును 7/36, 14/36, 23/36 అంటూ అమ్ముతారు. మొదటి అంకె లోపలి రాగి పోగుల సంఖ్య. రెండోది పోగు సన్నదనాన్ని తెలిపే గేజ్. 36 గేజ్ పోగు వ్యాసం సుమారు 0.19 మి.మీ. ఈ లెక్కన 7/36 వైరులో రాగి దాదాపు 0.2 చదరపు మి.మీ., 14/36లో 0.4, 23/36లో 0.67 చదరపు మి.మీ. ఉంటుంది. టెర్మినల్ వివరాల్లో రాసేది చదరపు మిల్లీమీటర్లలో గానీ, అమెరికా ఏడబ్ల్యూజీ గేజ్‌లో గానీ ఉంటుంది కాబట్టి ఈ మార్పిడి తెలిసి ఉండాలి. ఏడబ్ల్యూజీలో అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 22 ఏడబ్ల్యూజీ అంటే 0.33 చదరపు మి.మీ.

లావు వైరు దూరదన్నది అందరికీ తెలుసు. మరీ సన్నని వైరు కూడా చిక్కే అన్నది చాలామంది మరిచిపోతారు. పెద్ద టెర్మినల్‌లో 7/36 వైరు పెడితే పోగులు మర కింద నుంచి పక్కలకు చెదిరిపోతాయి. కొన్ని మాత్రమే నలుగుతాయి, మిగిలినవి ఖాళీగా ఉంటాయి. అలాంటప్పుడు చిన్న పిచ్ టెర్మినల్ తీసుకోవాలి. లేదా ఒలిచిన రాగిని వెనక్కి మడిచి రెట్టింపు చేసి దూర్చాలి.

లోపల పట్టుకునేది ఏది?

బయటికి ఒకేలా కనిపించే టెర్మినళ్లలో రెండు రకాలున్నాయి. చౌక రకంలో మర కింద ఒక పలుచని లోహపు రేకు ఉంటుంది. మర దిగినప్పుడు ఆ రేకు వంగి వైరును కిందికి నొక్కుతుంది. తిరిగే మర పోగులను తెంపకుండా రేకు కాపాడుతుంది. కానీ పదేపదే విప్పి బిగిస్తే రేకు అలిసిపోయి వంకర తిరుగుతుంది.

రెండో రకంలో చిన్న లోహపు చట్రం ఉంటుంది. మర తిప్పినప్పుడు చట్రం పైకి లేచి, వైరును పైనున్న కదలని లోహపు పలకకు అదుముతుంది. ఒత్తిడి వైరుపై సమంగా పడుతుంది. తరచూ విప్పే చోట, ఎక్కువ కరెంటు పారే చోట ఇదే మేలు. వైరు దూర్చే రంధ్రంలోకి చూస్తూ మర తిప్పితే ఏ రకమో ఇట్టే తెలుస్తుంది. చతురస్రపు గవాక్షం పైకీ కిందికీ కదిలితే అది చట్రం రకం.

చట్రం రకంలోనూ ఒక మోసం ఉంది. మరను పూర్తిగా విప్పకుండా వైరు దూర్చితే అది చట్రం లోపలికి కాక దాని కిందికి పోవచ్చు. అప్పుడు మర గట్టిగా బిగిసినట్లే అనిపిస్తుంది, వైరు మాత్రం ఖాళీలో ఉంటుంది. అందుకే బిగించాక ప్రతి వైరునూ మెల్లగా లాగి చూడాలి.

వైరు కొనకు టంకం ఎందుకు పెట్టకూడదు?

పోగులు చెదరకుండా వైరు కొనకు టంకం పూయడం చాలా ప్రయోగశాలల్లో కనిపించే అలవాటు. చూడటానికి అది శుభ్రంగా ఉంటుంది. కానీ మర కింద ఒత్తిడిలో ఉండాల్సిన కొనకు టంకం పనికిరాదు. కారణం లోహశాస్త్రంలో ఉంది. ఏ లోహమైనా తన ద్రవీభవన ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉన్నకొద్దీ ఒత్తిడికి నెమ్మదిగా సాగిపోతుంది. ఈ దూరాన్ని కెల్విన్ మానంలో చూడాలి. మామూలు తగరం-సీసం టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 456 కెల్విన్ దగ్గర కరుగుతుంది. గది ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్. అంటే గదిలో కూర్చున్న టంకం తన కరిగే ఉష్ణోగ్రతలో మూడింట రెండు వంతుల దగ్గర ఉంది. రాగి కరిగేది 1358 కెల్విన్ దగ్గర కాబట్టి అదే గదిలో రాగి నాలుగో వంతు కన్నా తక్కువలోనే ఉంది.

అందుకే ఈ రోజు గట్టిగా బిగించిన టంకపు కొన కొన్ని వారాల్లో మర కింద నుంచి మెల్లగా సాగి, ఒత్తిడి సడలుతుంది. గృహోపకరణాల భద్రతా ప్రమాణం ఐఈసీ 60335-1 కూడా, వదులు కాకుండా ప్రత్యేక ఏర్పాటు ఉంటే తప్ప, ఒత్తిడికి గురయ్యే వైరు కొనలను టంకంతో గట్టిపరచకూడదని చెబుతుంది. కొనను ఒలిచి, పోగులను వేళ్లతో మెలిపెట్టి నేరుగా దూర్చడమే సరైన పద్ధతి. మరింత భద్రత కావాలంటే ఫెర్రూల్ అనే చిన్న రాగి గొట్టాన్ని కొనకు తొడిగి, దానికోసమే ఉన్న పట్టకారుతో నొక్కాలి.

ఎంత బిగించాలి?

5.08 మి.మీ. టెర్మినళ్లలో సాధారణంగా 3 మి.మీ. మర ఉంటుంది. దానికి తయారీదారులు చెప్పే బిగింపు బలం దాదాపు 0.5 న్యూటన్ మీటర్. రెండున్నర సెంటీమీటర్ల లావు పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో చూస్తే, పిడి అంచున నాలుగు కిలోల బరువు వేలాడినంత బలం. చిన్న పిచ్ టెర్మినళ్లలో మర 2 మి.మీ. మాత్రమే కాబట్టి 0.2 న్యూటన్ మీటర్ చాలు. అక్కడ ఎక్కువ బలం పెడితే మర గాడి చెడుతుంది. మర తలకు సరిపోయే వెడల్పున్న మొన వాడాలి. బిగించేటప్పుడు టెర్మినల్‌ను మరో చేత్తో పట్టుకోవాలి. లేకపోతే ఆ మెలిక బలమంతా పిన్నుల టంకంపై పడి, కంటికి కనిపించని పగులు వస్తుంది.

బిగింపు బాగుందో లేదో మల్టీమీటర్‌తో పరీక్షించవచ్చు. మల్టీమీటర్ ఓమ్ స్థానంలో పెట్టి కొలవడం దండగ. దాని వైర్లకే మిల్లీఓమ్‌ల కన్నా ఎక్కువ నిరోధం ఉంటుంది. దానికి బదులు 12 వోల్టుల వంటి తక్కువ వోల్టేజీ సర్క్యూట్‌లో లోడు నడుస్తుండగా మిల్లీవోల్ట్ స్థానంలో పెట్టి, ఒక కొనను టెర్మినల్ దగ్గర ఒలిచిన వైరుపైన, మరో కొనను బోర్డుపై ఆ పిన్ను టంకంపైన ఆనించాలి. 3 ఆంపియర్లు పారుతుండగా 15 మిల్లీవోల్టులు కనిపిస్తే నిరోధం 5 మిల్లీఓమ్‌లు. 300 మిల్లీవోల్టులు కనిపిస్తే 100 మిల్లీఓమ్‌లు, అంటే ఏదో వదులుగా ఉంది. 230 వోల్టుల సర్క్యూట్‌పై ఈ పరీక్ష చేయకూడదు.

ఇంటి కరెంటు తాకే చోట

రిలే మాడ్యూల్‌పై నీలం పెట్టె మీద ‘10 ఆంపియర్లు, 250 వోల్టులు’ అని ఉంటుంది. ఆ అంకె రిలేకు మాత్రమే వర్తిస్తుంది. దాని కింద ఉన్న రాగి గీతకు, పక్కన ఉన్న టెర్మినల్‌కు అదే భరోసా ఉందని చెప్పలేం. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులకు చేరుతుంది. ఆ వోల్టేజీ ఉన్న లోహానికీ, చేయి తగలగల తక్కువ వోల్టేజీ భాగానికీ మధ్య బోర్డు ఉపరితలంపై 6 నుంచి 8 మి.మీ. ఎడం ఉంచడం సాధారణ పద్ధతి. ఇంటి కరెంటు వైపు 7.62 మి.మీ. పిచ్ టెర్మినల్‌ను ఎంచుకోవడం మంచిది. రెండు వైపులకూ వేర్వేరు రంగుల టెర్మినళ్లు వాడితే పొరపాటు జరగదు. మర తలపై కూడా అదే వోల్టేజీ ఉంటుంది కాబట్టి బోర్డును మూసిన డబ్బాలోనే ఉంచాలి. 230 వోల్టుల పనిని ప్రయోగశాల పర్యవేక్షకుల సమక్షంలోనే చేయాలి.

ప్లాస్టిక్ విషయంలో యూఎల్ 94 వీ-0 అన్న గుర్తు ఉందేమో చూడాలి. మంట తీసేస్తే ఆ ప్లాస్టిక్ దానంతటదే త్వరగా ఆరిపోతుందని దాని అర్థం. లోపలి లోహం తగరపు పూత ఉన్న ఇత్తడిది అయితే మంచిది. మరలు ఉక్కువి కావడం మామూలే. కానీ అయస్కాంతానికి పిన్నులు కూడా అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్లే. అలాంటివి ఎక్కువ కరెంటుకు వద్దు.

ఒక బోర్డుకు ఎంపిక ఇలా

మొక్కలకు నీరు పెట్టే 12 వోల్టుల పంపును నడిపే బోర్డు తీసుకుందాం. పంపుకు 3 ఆంపియర్లు కావాలి. మోటారు మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. మట్టి తేమ సెన్సర్‌కు కావాల్సింది కొన్ని మిల్లీఆంపియర్లే. పంపు బోర్డుకు 2 మీటర్ల దూరంలో ఉంది.

పోనూ రానూ 4 మీటర్ల వైరు. 7/36 వైరు అయితే నిరోధం సుమారు 0.34 ఓమ్‌లు, దారిలోనే ఒక వోల్టు పోతుంది. 23/36 అయితే 0.1 ఓమ్, పోయేది 0.3 వోల్టు. కాబట్టి పంపుకు 23/36 వైరు. దానికీ, విద్యుత్ సరఫరాకూ చట్రం రకం 5.08 మి.మీ., 10 ఆంపియర్ల టెర్మినల్. 3 ఆంపియర్లకు రాగి గీత 1.4 మి.మీ. చాలు కానీ మోటారు మొదటి లాగుడు కోసం 3 మి.మీ. ఉంచాలి. సెన్సర్‌కు స్క్రూ టెర్మినల్ అవసరమే లేదు. తిరగబెట్టడానికి వీల్లేకుండా ఒకే వైపు దూరే చిన్న ప్లగ్ కనెక్టర్ అక్కడ మేలు. బోర్డును తరచూ తీసి పెట్టాల్సి వస్తే, మర భాగం ఊడి వచ్చే ప్లగ్ రకం టెర్మినల్ వాడితే ప్రతిసారీ మరలు విప్పనక్కరలేదు. కరెంటు ఆపాకే దాన్ని ఊడదీయాలి. బండి, మోటారు వంటి అదిరే చోట మర నెమ్మదిగా వదులవుతుంది. అక్కడ స్ప్రింగ్‌తో పట్టుకునే టెర్మినల్ ఎంచుకోవాలి, లేదా కొన్నాళ్లకొకసారి మరలు సరిచూడాలి.

దుకాణానికి వెళ్లే ముందు కాగితంపై అయిదు విషయాలు రాసుకుంటే చాలు: పిచ్ ఎంత, అత్యధిక కరెంటు ఎంత, వైరు ఏది, ఎన్నిసార్లు విప్పాలి, వోల్టేజీ ఎంత. దుకాణదారు ‘ఎన్ని పిన్నులు?’ అని మాత్రమే అడుగుతాడు. మిగతా అయిదింటికీ జవాబు బోర్డు చేసేవారి దగ్గరే ఉండాలి.